అద్దె వేరు, రిపేరు వేరు అనే అబద్ధం

"అద్దె వేరు, రిపేరు వేరు. ముందు అద్దె పూర్తిగా కట్టేయండి, తర్వాత కంప్లయింట్ పెట్టుకోండి." ఇంగ్లండులో ఇళ్ళు అద్దెకు తీసుకుని చదువుకుంటున్న మన పిల్లలకు ఈ మాట ముగ్గురు చెబుతారు. లెటింగ్ ఏజెంటు చెబుతాడు, అది అతని వ్యాపారం. ముందే వెళ్ళిన సీనియర్ అన్న చెబుతాడు, తనూ అలాగే నెట్టుకొచ్చాడు కాబట్టి. ఇంటి దగ్గర్నుంచి నాన్న చెబుతాడు: "ఒరేయ్, చదువుకోడానికి పోయావు, తగాదాలకు కాదు. ఏదో సర్దుకో నాయనా." ముగ్గురి కారణాలూ వేరు, సలహా మాత్రం ఒక్కటే. బాయిలర్ పనిచేయడం మానేసి మూడు వారాలైనా, పైకప్పు కారి పరుపు తడిసినా, ఒకటో తేదీకి అద్దె పడిపోవాలి. పడకపోతే ఆ పిల్లలు ఎగవేతదారులు.

ఈ సలహాలో మూడు వాదాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి న్యాయం: ఫలానా తేదీకి ఇంత కడతానని సంతకం పెట్టావు, కట్టి తీరాలి. రెండు, నీతి: ఇంట్లో ఉంటూ అద్దె ఆపడం తప్పు, ఓనరుకూ బ్యాంకు వాయిదాలుంటాయి. మూడు, జాగ్రత్త: పరాయి దేశం, వీసా మీద ఉన్నాం, పేచీ పెట్టుకుంటే మనకే నష్టం. మొదటి రెండూ డొల్ల. మూడోదానిలో నిజం ఉంది గానీ, ఆ నిజం నేర్పే పాఠం నోరు మూసుకోమని కాదు.

ముందు న్యాయం సంగతి చూద్దాం. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టింది విద్యార్థి ఒక్కడే కాదు, ఓనరు కూడా. ఆ రెండో సంతకానికి ఏమిటి విలువ? 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ దీనికి సూటిగా జవాబిస్తుంది. ఏడేళ్ళ లోపు గడువుతో ఇచ్చిన ఇళ్ళలో గోడలు, పైకప్పు, బయటి గొట్టాలు, మురుగు కాల్వలు బాగుండేలా చూడాల్సింది ఓనరే. నీళ్ళు, గ్యాసు, కరెంటు ఏర్పాట్లు, సింకులు, టాయిలెట్లు, గదులు వెచ్చబెట్టే, నీళ్ళు కాచే పరికరాలు పనిచేసేలా ఉంచాల్సిందీ అతనే. ఒప్పందంలో ఈ ముక్క రాయకపోయినా రాసినట్టే లెక్క. "రిపేర్లన్నీ అద్దెకున్నవాళ్ళవే" అని ఏజెంటు రాయించుకున్నా, కోర్టు అనుమతి లేకుండా ఆ రాత చెల్లదని 12వ సెక్షన్ చెబుతుంది. దీనికి తోడు 2018లో మరో చట్టం వచ్చింది. ఇల్లు మనుషులు నివసించడానికి తగినట్టు ఉండాలని, లేకపోతే అద్దెకున్నవారే నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చని అది స్పష్టం చేసింది. 2019 మార్చి 20 నుంచి అమల్లో ఉంది.

ఇక్కడ ఏజెంట్లు ఒక మెలిక పెడతారు. "అవన్నీ సరే, రిపేరు చేయకపోతే అద్దె ఆపే హక్కు ఉందని చట్టంలో ఎక్కడుంది?" అని అడుగుతారు. అక్షరాలా చూస్తే ఎక్కడా లేదు. కానీ చట్టం అంటే అచ్చయిన సెక్షన్లు మాత్రమే కాదు, కోర్టు తీర్పులు కూడా. 1971లో లీ-పార్కర్ వర్సెస్ ఇజ్జెట్ కేసులో జడ్జి గాఫ్ ఈ చిక్కును విప్పారు. ఓనరు చేయాల్సిన రిపేరు గురించి అతనికి తెలియజేసి, అయినా చేయకపోతే, అద్దెకున్నవారు తామే చేయించి సబబైన ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చన్నారు. ఇది తాను కొత్తగా పుట్టించిన హక్కు కాదనీ, 1591 నాటి టేలర్ వర్సెస్ బీల్ కేసు నుంచీ ఉన్నదేననీ ఆయన చూపించారు. అంటే ఈస్టిండియా కంపెనీ పుట్టకముందే ఇంగ్లండు కోర్టులకు తెలిసిన సూత్రం ఇది. 1970ల చివర్లో బ్రిటిష్ అంజానీ కేసు ఇంకో అడుగు ముందుకు వేసింది. రిపేరు చేయకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని అద్దె బకాయి దావాకు ఎదురుగా లెక్కలో పెట్టి చెల్లుకు చెల్లు వేయవచ్చని తేల్చింది. ఆ కేసులో అద్దెకున్నది విద్యార్థి కాదు, గోదాములు తీసుకున్న వ్యాపార సంస్థ. వ్యాపారి అద్దె ఆపితే హక్కు, విద్యార్థి ఆపితే ఎగవేత అనే న్యాయం ఎక్కడిది?

"మా ఒప్పందంలో ఎలాంటి కోతా లేకుండా కట్టాలని రాసుంది" అనే జవాబు కూడా వస్తుంది. అలాంటి మాట ఒక్కటి రాసినంత మాత్రాన చెల్లుకు చెల్లు హక్కు పోదని 1990లలో ఇంగ్లండు అప్పీలు కోర్టు చెప్పింది. పైగా వినియోగదారు తనకు రావాల్సినదాన్ని ఎదుటివాడి బాకీతో సరిపెట్టుకోకుండా అడ్డుకునే షరతులు అన్యాయమైనవి కావచ్చని 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం తన జాబితాలో చేర్చింది. ముద్రించిన కాగితం చూపించి భయపెట్టడం సులువు. ఆ కాగితం చట్టానికి లోబడే ఉంటుంది.

అసలు అద్దెకూ ఓనరు బాధ్యతకూ ముడి ఉందని చట్టం ఒక్కచోట కాదు, చాలాచోట్ల ఒప్పుకుంది. నోటీసులు పంపడానికి ఇంగ్లండు లేదా వేల్స్‌లో ఒక చిరునామా ఓనరు ఇచ్చేదాకా అద్దె బాకీ పడినట్టే కాదని 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 48వ సెక్షన్ అంటుంది. ఉత్తరం అందుకునే చిరునామా లేకపోతేనే అద్దె ఆగుతుందట. వేడినీళ్ళు లేకపోతే మాత్రం ఆ ఊసే ఎత్తకూడదా? అయిదుగురు లేదా అంతకు మించి వేరువేరు కుటుంబాలవాళ్ళు కలిసి ఉండే ఇంటికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేకుండా అద్దెకిస్తే, కట్టిన అద్దెను వెనక్కి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఈ వాపసు పరిమితి ఏడాది అద్దెగా ఉండేది, 2025 నాటి రెంటర్స్ రైట్స్ చట్టం దాన్ని రెండేళ్ళకు పెంచింది. స్కాట్లండు ఇంకా ముందుకు పోయింది. రిపేరు ఉత్తర్వును ఓనరు పాటించకపోతే అక్కడి ట్రిబ్యునల్ అద్దెను 90 శాతం దాకా తగ్గించవచ్చు. అమెరికా రాజధానిలో 1970లో జావిన్స్ కేసు తీర్పు, అద్దె కట్టే బాధ్యత ఇంటిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత మీదే ఆధారపడి ఉందని చెప్పింది.

ఇంతెందుకు, మన ఇంట్లోనే చూసుకుందాం. "మన సంస్కృతిలో ఇలాంటివి లేవు, అద్దె ఆపడం పాశ్చాత్యుల పోకడ" అనే పెద్దలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఒక్కసారి తిరగేయాలి. వేరే ఒప్పందం లేనప్పుడు, ఓనరు తాను చేయాల్సిన రిపేరును చెప్పిన తర్వాత కూడా తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెకున్నవాడే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని అందులో ఉంది. వడ్డీతో సహా! గుంటూరులోనో వరంగల్‌లోనో అద్దె ఇంట్లో ఉన్న నాన్నకు పుట్టకముందు నుంచీ ఉన్న హక్కును లెస్టర్‌లో ఉన్న కొడుకు అడిగితే తప్పెలా అవుతుంది?

ఇక నీతి సంగతి. దీన్ని గాలిలో మాట్లాడుకోవడం కన్నా ఒక వంటగదిలోకి వెళ్ళి చూడటం మంచిది. విక్టోరియా కాలపు వరస ఇల్లు, అయిదు గదులు, అయిదుగురు పిల్లలు. పైన షవర్ కింద పైపు జాయింటు వదులైంది. ఎవరు స్నానం చేసినా కింద స్టవ్ పక్కన చుక్కలు పడతాయి. సీలింగు మీద గోధుమరంగు మరక, దాని నడుమ చిన్న ఉబ్బు. కింద బకెట్ పెట్టారు. ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు స్నానానికి పోకూడదని వంతులు వేసుకున్నారు. ఏజెంటు పోర్టల్‌లో కంప్లయింట్ పెడితే గంటలో జవాబొచ్చింది: మీ సమస్య నమోదైంది. నాలుగు రోజులకు ఇంకోటి: కాంట్రాక్టర్‌కు అప్పగించాం. వారానికి కాంట్రాక్టర్ వచ్చాడు, ఫోన్లో రెండు ఫొటోలు తీసుకున్నాడు, ఓనరు ఒప్పుకోవాలని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. మూడో వారంలో ఆ టికెట్‌ను "పరిష్కారమైంది" అని మూసేశారు. చుక్కలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

అదే ఆఫీసుకు ఒకటో తేదీ అద్దె మూడో తేదీకి కూడా అందకపోతే చూడండి. పొద్దున తొమ్మిదికి మెసేజ్, పదకొండుకు ఫోను, సాయంత్రానికి అద్దెకు పూచీ పడిన గ్యారంటర్‌కు మెయిలు. రెండు పనులకూ ఒకే ఆఫీసు, ఒకే కంప్యూటరు. ఆ తేడా ఎందుకు?

ఏజెంటు దుర్మార్గుడని కాదు. అతని బతుకుతెరువు అలా అమరింది. అతనికి కమిషన్ వచ్చేది అద్దె నుంచి. అతని క్లయింటు ఓనరు, విద్యార్థి కాదు. రిపేరుకు డబ్బు ఓనరు జేబులోంచి రావాలి, ఆ ఓనరు ఇంకో ఊళ్ళోనో ఇంకో దేశంలోనో ఉంటాడు. పైపు కారితే ఏజెంటుకు నష్టం లేదు, ఓనరు ఇంట్లో తడి లేదు. కంప్లయింట్ చేరేది ఆ బాధ తగలని మనిషి దగ్గరికి. అద్దె తగ్గితే ఆ నిమిషాన కమిషనూ తగ్గుతుంది, ఓనరు ఖాతాలో లోటూ కనబడుతుంది. అందుకే ఎన్ని మెయిళ్ళకూ కదలనిది అద్దెలో కోతకు కదులుతుంది. పోర్టల్‌లో విద్యార్థి మాట్లాడే ఏ భాషా ఆ ఆఫీసుకు వినబడనప్పుడు, వినబడే ఒక్క భాషను వాడొద్దనడం నీతిబోధ ఎలా అవుతుంది?

దీనికి రుజువు కావాలంటే అద్దె ఆపలేని వాళ్ళను చూడండి. ఇంగ్లండులో ఉద్యోగం, సొంత ఇల్లు ఉన్న గ్యారంటర్ మన పిల్లల్లో ఎంతమందికి దొరుకుతాడు? దొరకనివాళ్ళను ఏజెంట్లు ఆరు నెలల అద్దె, కొన్నిచోట్ల ఏడాది అద్దె ముందే కట్టమనేవారు. ఎడ్యుకేషన్ లోన్ డబ్బు, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు, ఒకేసారి అటు పోయేది. అలా కట్టినవాళ్ళ చేతిలో ఆపడానికి ఏమీ మిగలదు. "ముందు పూర్తిగా కట్టండి, తర్వాత అడగండి" అనే సలహాను వీళ్ళు పూర్తిగా పాటించినట్టే కదా? మరి వీళ్ళ బాయిలర్లు అందరికన్నా ముందు బాగుపడాలి. బాగుపడవు. డబ్బు చేతికొచ్చాక తొందర దేనికి? ఈ పద్ధతి ఎంత చేటో పార్లమెంటుకు కూడా అర్థమైంది. 2026 మే 1 నుంచి వర్తించే మార్పుల ప్రకారం ప్రైవేటు ఇళ్ళలో ఒక నెలకు మించి అద్దె ముందుగా కట్టమనకూడదు.

ఓనరుకు బ్యాంకు వాయిదాలుంటాయన్న జాలి మాట కూడా తూకం వేద్దాం. ఆ వాయిదా ఓనరు తన లాభం కోసం నెత్తికెత్తుకున్న అప్పు. ఇల్లు కాపాడుకోవడం ఆ వ్యాపారంలో ఖర్చు. ఆ ఖర్చు మానేసి, వాయిదా మాత్రం విద్యార్థి లోన్ డబ్బుతో తీరాలంటే, ఇక్కడ ఎగవేత ఎవరిది? మన విద్యార్థికీ వాయిదా ఉంది. కోర్సు అయ్యాక కట్టాల్సింది అతనో, అతని తల్లిదండ్రులో.

ఇంకో నింద ఉంది, మన పిల్లలకు ప్రత్యేకంగా తగిలేది. గోడకు చెమ్మ, మూలన నల్లటి బూజు కనబడగానే "మీ వంటల ఆవిరి వల్లే, మీరు లోపల బట్టలు ఆరేయడం వల్లే" అంటారు. పోపు పెట్టడం నేరమైనట్టు పిల్లలు సిగ్గుపడి ఊరుకుంటారు. ఈ తీరు ఎక్కడికి దారితీస్తుందో రోచ్‌డేల్‌లో తేలింది. 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. బూజు పట్టిన ఫ్లాట్‌లో ఎక్కువకాలం ఉండడం వల్లనే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని 2022 నవంబరులో మరణ విచారణ తేల్చింది. ఆ కుటుంబం సూడాన్ నుంచి వచ్చింది. తండ్రి 2017 నుంచి చెబుతూనే ఉన్నాడు, పెయింటు వేసుకోమన్నారు. అలవాట్ల వల్లే బూజని తాము ఊహించుకున్నామని, అది తప్పని ఆ ఇంటిని నడిపే సంస్థ తర్వాత బాహాటంగా ఒప్పుకుంది. ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి సామాజిక గృహాల్లో అది అమలవుతోంది, ప్రైవేటు ఇళ్ళకూ విస్తరించే వీలును రెంటర్స్ రైట్స్ చట్టం కల్పించింది. సర్దుకోవడం అన్ని వేళలా మంచి గుణం కాదు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. అన్నీ ఓనరు మీదకు తోయడం కూడా తప్పే. సింకులో అన్నం మెతుకులు అడ్డుపడితే తీసుకోవాల్సింది, బల్బు పోతే మార్చుకోవాల్సింది అద్దెకున్నవాళ్ళే. 1953లో వారెన్ వర్సెస్ కీన్ కేసులో జడ్జి డెన్నింగ్ చెప్పిన సారాంశం అదే: ఇంట్లో ఉండే మనిషి చేసుకోవాల్సిన చిన్న పనులు అతనివి, కాలంతో ఇల్లు పాడైతే దానికి అతను బాధ్యుడు కాదు. ఈ గీత తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నకే విలువ.

మూడోది జాగ్రత్త. ముందు వీసా భయం. ప్రైవేటు ఇంటి అద్దె తగాదా సివిల్ వ్యవహారం. ఓనరుతో బాకీ తగాదా ఉంటే స్టూడెంట్ వీసా రద్దు చేయాలని ఇమిగ్రేషన్ నిబంధనల్లో ఎక్కడా లేదు. "హోమ్ ఆఫీసుకు రాస్తాం" అని బెదిరించే ఏజెంటు చేతిలో అలాంటి అధికారమేమీ లేదు. ఈ బెదిరింపు పనిచేసేది మన భయం వల్లనే. ఆ భయాన్ని అమీర్‌పేట కన్సల్టెన్సీ నుంచి సీనియర్ల వాట్సాప్ గ్రూపు దాకా అందరం నీళ్ళు పోసి పెంచాం.

అయితే అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి, వాటిని దాచడం మోసం. "అద్దె ఆపేస్తే వాళ్ళే కాళ్ళబేరానికి వస్తారు" అని ఊదరగొట్టే కుర్రకారు కూడా ఏజెంటంత హానే చేస్తున్నారు. 1988 హౌసింగ్ చట్టం ప్రకారం, 2026 మే 1కి ముందు, రెండు నెలల అద్దె బకాయి పడితే ఇల్లు ఖాళీ చేయించడం కోర్టుకు తప్పనిసరి. 2026 మే 1 నుంచి అది మూడు నెలలు. బకాయి ఆ గీత దాటాక, ఎదురు లెక్క కోర్టులో నిలబడకపోతే జడ్జి జాలిపడినా లాభం లేదు. జాయింట్ టెనెన్సీ అయితే ఒకరు కట్టకపోయినా మిగతా నలుగురూ ఆ మొత్తానికి బాధ్యులు. డబ్బు కట్టమని కోర్టు తీర్పిచ్చి, నెలలోగా కట్టకపోతే ఆ మచ్చ ఆరేళ్ళు క్రెడిట్ రికార్డులో ఉంటుంది. గ్యారంటర్‌గా సంతకం పెట్టిన పాపానికి బంధువు దగ్గరికి నోటీసు పోతుంది.

లోపం గురించి ఓనరుకు చెప్పకపోతే ఏమవుతుందో 1973 నాటి ఓబ్రయన్ వర్సెస్ రాబిన్సన్ కేసు చూపిస్తుంది. మంచం మీద ఉన్న దంపతుల మీద సీలింగు ఊడిపడింది. అయినా ఓనరు బాధ్యుడు కాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది, లోపం గురించి అతనికి ముందుగా తెలియదు కాబట్టి. ఓనరు బాధ్యత మొదలయ్యేది అతనికి తెలిసిన రోజు నుంచే. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. మెయిలుకు, ఫొటోకు, తేదీకి ఉంది.

కాబట్టి జాగ్రత్త నేర్పే పాఠం పద్ధతిగా అడగమని. ఆ వంటగది ఇంటికే లెక్క వేద్దాం. అయిదుగురికీ కలిపి నెల అద్దె 2,500 పౌండ్లు అనుకోండి. ఏజెంటుకూ ఓనరుకూ మెయిలు పెట్టాలి. ఓనరు పేరు, చిరునామా తెలియకపోతే అద్దె వసూలు చేసే ఏజెంటును రాతపూర్వకంగా అడగాలి, 21 రోజుల్లో ఇవ్వకపోతే అది నేరం. ఏం పాడైంది, ఎప్పటి నుంచి, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, చేయకపోతే తామే చేయించి అద్దెలో మినహాయిస్తామని అందులో ఉండాలి. గడువు దాటితే రెండు మూడు చోట్ల కొటేషన్లు తీసుకుని వాటిని పంపాలి, చివరి అవకాశం ఇవ్వాలి. అప్పటికీ కదలిక లేకపోతే అందులో తక్కువదానికి, 240 పౌండ్లకు అనుకుందాం, పైపు బాగుచేయించి రసీదు పెట్టుకోవాలి. వచ్చే ఒకటో తేదీకి 2,260 పౌండ్లు, ఆలస్యం లేకుండా, రసీదు జతచేసి కట్టాలి. మనిషికి 48 పౌండ్ల కోత. ఏ బకాయి గీతకూ దరిదాపుల్లో లేదు. గ్యాసు పని మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే చేయాలి, తెలిసినవాడని ఎవరినో పిలవకూడదు. పని పెద్దదై అద్దెలో కొంత ఆపాల్సి వస్తే ఆ డబ్బును వేరే ఖాతాలో ముట్టుకోకుండా ఉంచాలి. కట్టలేక ఆపినవాడికీ, కావాలని ఆపినవాడికీ కోర్టులో తేడా చూపేది ఆ ఖాతానే. ఆపే ముందు స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రానికో, షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ లాంటి సంస్థలకో కాగితాలు చూపించాలి. ఒక దేశం సలహా ఇంకో దేశంలో పనికిరాదని కూడా గుర్తుంచుకోవాలి. డల్లాస్‌లో చదివే చెల్లెలు ఇదే చేస్తే ఇరుక్కుంటుంది, ఎందుకంటే టెక్సస్‌లో అద్దె బకాయి లేకుండా ఉంటేనే రిపేరు అడిగే హక్కులు నిలుస్తాయి.

"ఇంత తతంగం దేనికి, కౌన్సిల్ ఉంది, ఒంబుడ్స్‌మన్ ఉంది, కోర్టు ఉంది" అంటారు చివరిగా. ఉన్నాయి, వాడుకోవాలి కూడా. కౌన్సిల్ అధికారులు 29 రకాల ప్రమాదాల జాబితాతో ఇల్లు తనిఖీ చేస్తారు. తీవ్రమైనదని తేలితే చర్య తీసుకోవడం కౌన్సిల్‌కు విధి. కానీ తనిఖీకి మనిషి రావాలి. ఏజెంటు మీద ఒంబుడ్స్‌మన్ దగ్గరకు పోవాలంటే ముందు ఏజెంటుకే ఫిర్యాదు చేసి ఎనిమిది వారాల దాకా ఆగాలి. కోర్టుకు పోతే ముందస్తు ఉత్తరాల ఘట్టం దాటాలి. ఎమ్మెస్ కోర్సు ఏడాది. అక్టోబరులో కారడం మొదలైన పైపుకు వేసవిలో న్యాయం దొరికితే, అప్పటికి ఆ గదిలో ఇంకెవరో ఉంటారు. అద్దెలో కోత ఈ దారులకు ప్రత్యామ్నాయం కాదు, అవి తెరుచుకునేలోగా ఇల్లు ఇల్లులా ఉండడానికి ఉన్న సాధనం.

కలిసి అడిగినప్పుడు ఏం జరుగుతుందో చరిత్రలో ఉంది. 1915లో గ్లాస్గోలో మేరీ బార్బర్ వంటి గృహిణుల నాయకత్వంలో వేల కుటుంబాలు పెంచిన అద్దె కట్టబోమన్నాయి. అదే ఏడాది పార్లమెంటు అద్దెల పెంపును అడ్డుకునే చట్టం చేసింది. 2015లో లండన్ యూసీఎల్ హాస్టల్ విద్యార్థులు పక్కనే సాగుతున్న నిర్మాణ పనుల రొదకు అద్దె ఆపి నష్టపరిహారం పొందారు. 2020 నవంబరులో మాంచెస్టర్ యూనివర్సిటీ విద్యార్థులు అద్దె సమ్మె చేస్తే జనవరి దాకా 30 శాతం తగ్గించారు.  ఈ మూడు చోట్లా వాళ్ళు ఒక్కొక్కరే అడిగి ఉంటే ఒక్కో టికెట్‌గా మూసేసేవారు.

కాబట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అబ్బాయో అమ్మాయో అర్ధరాత్రి ఫోన్ చేసి, ఇంట్లో వేడినీళ్ళు లేవు, అద్దెలో కొంత ఆపాలనుకుంటున్నాం అంటే, "గొడవలొద్దు" అనకండి. "రాసి పంపారా? గడువు ఇచ్చారా? ఆపిన డబ్బు పక్కన పెట్టారా?" అని అడగండి. సీనియర్లూ, మీరు పడ్డ కష్టాన్ని జూనియర్లకు ఆచారంగా అప్పగించకండి, మీరు పంపిన మెయిళ్ళ నమూనాలు అప్పగించండి. కన్సల్టెన్సీలు ఫ్లైటెక్కే ముందు పిల్లల చేతిలో పెట్టే ఫైలులో 11వ సెక్షన్ ఉన్న ఒక పేజీ చేరిస్తే ఎవరి కమిషనూ తగ్గదు. అద్దె అంటే ఓనరుకు ఇచ్చే కానుక కాదు, ఉండదగిన ఇంటికి ఇచ్చే వెల. ఆ ఇల్లు ఇవ్వని రోజుకు పూర్తి వెల అడిగే హక్కు ఎవరికీ లేదు.